ఇంటి కార్ఖానా: చిన్న తరిమెన చరిత్ర

మానవుడు నిర్మించిన యంత్రములలో తిరుగని యంత్రము అరుదు. బండి ఇరుసు, బావి గిలక, కుట్టుమిషను, సైకిలు, నీటిపంపు, విద్యుత్తు మోటారు, ఇవన్నియు ఏదో యొక గుండ్రని కడ్డీ నాధారము చేసికొనియే తిరుగుచున్నవి. ఆ కడ్డీ ఎంత గుండ్రముగా నున్నదో, అది కూర్చున్న రంధ్రము దానికెంత సరిగా అమరినదో, దానినిబట్టియే యంత్రపు ఆయుర్దాయము నిర్ణయమగును. వదులైనచో గడగడలాడి అరిగిపోవును. బిగువైనచో వేడెక్కి పట్టివేయును. ఈ గుండ్రదనమును పుట్టించు పనిముట్టునకు తెలుగున తరిమెన యని పేరు. నేటి కార్ఖానాలలో దానిని లేతు అని పిలుచుచున్నారు.

ఒకప్పుడు రాజప్రాసాదములలో వినోదవస్తువుగా నున్న తరిమెన, పిదప పెద్ద కార్ఖానాలకు పట్టుగొమ్మయై, తుదకు సామాన్య గృహస్థుని యింటి వెనుక గదిలో చిన్న బల్లపైకి చేరినది. ఈ ప్రయాణము కేవలము ఇనుముయొక్క చరిత్ర కాదు. పనివాని నేర్పు అతని చేతినుండి యంత్రములోనికి తరలిపోవుటయు, అదే యంత్రము చిన్నదై ఆ నేర్పును మరల మనిషికి అప్పగించుటయు ఇందలి ముఖ్యకథ.

చేతిలోని నేర్పు

తరిమెన మిక్కిలి ప్రాచీనమైనది. ఈజిప్టు దేశమున పెటోసిరిస్ అను పురోహితుని సమాధి గోడపై, క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున చెక్కబడిన చిత్రములలో ఇద్దరు మనుష్యులు తరిమెన పట్టుచున్న దృశ్యమొకటి కలదు. ఒకడు త్రాటిని ఇటునటు లాగి కర్రను త్రిప్పుచుండగా, రెండవవాడు దానికి ఉలిని ఆనించి యుండును. ఇట్టి తరిమెనలో కర్ర ఒక మారు ముందునకును, ఒక మారు వెనుకకును తిరుగును. ముందునకు తిరిగినపుడు మాత్రమే ఉలి కోయును. వెనుకకు తిరిగినంతసేపు పనివాడు ఉలిని కొంచెము వెనుకకు తీసి యుంచవలెను. కాలితో త్రొక్కు పలకయు, బరువైన చక్రమును చేరిన తరువాతనే తరిమెన ఎడతెగక ఒకేవైపు తిరుగ నేర్చినది.

మన దేశమున తరిమెన పని మరువబడలేదు. వరాహనది యొడ్డున, నేటి అనకాపల్లి జిల్లాలో నున్న ఏటికొప్పాక గ్రామమున అంకుడు కర్రను తరిమెనపై పట్టి బొమ్మలు చేయుచున్నారు. కర్ర తిరుగుచుండగా దానికి రంగులక్కను ఆనింతురు. రాపిడివలన పుట్టిన వేడికి లక్క కరగి కర్రపై పలుచని పొరగా పరచుకొనును. నిప్పులేకయే రంగు పట్టించు ఈ ఉపాయము తరిమెనకే సాధ్యము. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ పనులన్నింటను ఉలి పనివాని చేతిలోనే యుండును. బొమ్మ తల నున్నగా వచ్చినచో అది చేతి గొప్పతనము. రెండు బొమ్మలు అచ్చముగా ఒకే కొలతకు వచ్చినచో అది ఏండ్ల తరబడి చేసిన సాధన ఫలము. బొమ్మకు ఈ నేర్పు చాలును. కాని ఇనుమును ఇంతే సులువుగా చేతి యులితో చెక్కుట కుదరదు. అంతకంటె ముఖ్యముగా, యంత్రములో ఒక భాగము మరొక భాగముతో కూడి పనిచేయవలెను. అచ్చట చూపునకు నున్నగా నుండుట చాలదు. కొలత కుదురవలెను.

రాజుల వినోదము

ఐరోపాలో తరిమెన కేవలము వడ్రంగుల పనిముట్టుగా నిలిచిపోలేదు. దంతమును, విలువైన కర్రను తరిమెనపై పట్టుట రాజులకును, ప్రభువులకును ప్రీతికరమైన కాలక్షేపమైనది. రష్యా చక్రవర్తి మహాపీటరు స్వయముగా తరిమెన పట్టెడివాడు. ఆయన కొలువులోని ఆంద్రేయ్ నార్తోవ్ అను నిపుణుడు, ఉలిని మనిషి చేతికి బదులు ఒక ఇనుప పట్టులో బిగించి నడుపు యంత్రములను పదునెనిమిదవ శతాబ్దపు పూర్వభాగముననే నిర్మించెను. ఫ్రాన్సు రాజు పదునారవ లూయీకి తాళముల పని యన్నను, తరిమెన పని యన్నను మక్కువ.

లండను నగరమున హోల్ట్‌జాఫెల్ వంశమువారు పదునెనిమిదవ శతాబ్దపు చివరినుండి ధనవంతుల యిండ్లకై అలంకార తరిమెనలు చేసి అమ్మిరి. వానితో పెట్టెలు, భరిణెలు, దీపస్తంభములు, పూవులవలె చెక్కిన దంతపు నగిషీలు తయారయ్యెడివి. ఆ యంత్రముల ధర సామాన్యునకు అందునది కాదు. ఇంటి కార్ఖానా యనునది మొదట కలవారి యింట పుట్టినదన్న మాట సత్యము. కాని దాని భవిష్యత్తు అచ్చట లేదు.

జేమ్స్ వాట్‌కు వచ్చిన చిక్కు

కొలత కుదరకున్నచో ఎంతటి ఆలోచనయైనను మూలబడి యుండుననుటకు జేమ్స్ వాట్ జీవితమే నిదర్శనము. 1765లో ఆయనకు ఆవిరియంత్రమును బాగుచేయు ఉపాయము తట్టినది. ఆవిరిని సిలిండరులోనే చల్లార్చక వేరొక పాత్రలో చల్లార్చినచో బొగ్గు ఎంతయో ఆదా యగునని ఆయన గ్రహించెను. 1769లో పేటెంటును పొందెను. అయినను యంత్రము సక్రమముగా నడువలేదు. కారణము చిన్నదే: సిలిండరు సరిగా గుండ్రముగా లేదు. అందులో కదలు పిస్టనునకును సిలిండరు గోడకును మధ్య సందులుండెడివి. నూనెగుడ్డలు, నార మొదలగునవి కూరి చూచినను ఆవిరి ఆ సందులగుండ బయటికి పోవుచునే యుండెను.

ఈ చిక్కును విప్పినవాడు జాన్ విల్కిన్సన్ అను ఇనుప వ్యాపారి. ఫిరంగి గొట్టములను తొలుచుటకు 1774లో ఆయన ఒక కొత్త పద్ధతికి పేటెంటు పొందియుండెను. అటుపిమ్మట వాట్ సిలిండర్లకై, కోతసాధనమును మోయు కడ్డీని సిలిండరు మధ్యగా దూర్చి, దాని రెండు కొనలను గట్టిగా ఆనించి తొలుచు యంత్రమును నిర్మించెను. కడ్డీ వంగుటకు వీలులేకపోవుటచే రంధ్రము సరిగా వచ్చినది. ఏబది అంగుళముల వెడల్పుగల సిలిండరులో ఒక పాత షిల్లింగు నాణెపు మందమంతయైనను తేడా లేదని వాట్ భాగస్వామియగు బౌల్టన్ మిక్కిలి సంతసించెను. 1776లో వాట్ యంత్రములు పనిలోనికి వచ్చినవి. తలంపు పుట్టిన పదునొకండేండ్లకు గాని దానికి తగిన రంధ్రము దొరకలేదు.

వాట్ 1800లో వ్యాపారమునుండి విరమించి బర్మింగుహాము సమీపమున తన యింటి అటకగదిలో చిన్న కార్ఖానాను ఏర్పరచుకొనెను. అందు కాలితో త్రొక్కు తరిమెన యొకటి యుండెను. శిల్పములను చూచి వానికి నకళ్ళు చెక్కు యంత్రములపై ఆయన ముసలితనమున అచ్చట శ్రమించెను. 1819లో ఆయన మరణించిన పిదప ఆ గది చిరకాలము ఉన్నదున్నట్లే నిలిచియుండెను. 1924లో అందలి వస్తువులన్నింటిని లండనులోని సైన్సు మ్యూజియమునకు తరలించిరి. అవి ఎనిమిదివేలకు పైబడినవి. ఆవిరియుగమునకు మూలపురుషుడనదగిన వ్యక్తి తన చివరి సంతోషమును ఇంటి కార్ఖానాలోనే వెదకికొనెను.

మాడ్స్లే తెచ్చిన మార్పు

నేటి లేతునకు రూపమిచ్చినవారిలో అగ్రగణ్యుడు హెన్రీ మాడ్స్లే. ఆయన 1771లో ఇంగ్లండులోని వూలిచ్‌లో జన్మించెను. పండ్రెండవ యేట ఆయుధాగారములో తూటాలకు మందు నింపు కూలిగా చేరెను. 18వ యేట జోసెఫ్ బ్రామా అను తాళముల నిర్మాతయొద్ద చేరి అచిరకాలములోనే పనివారిలో ప్రథముడయ్యెను. వారమునకు ముప్పది షిల్లింగుల జీతము పెంచుమని అడిగినపుడు యజమాని నిరాకరించుటచే, 1797లో బయటికి వచ్చి లండనులో సొంత కార్ఖానా పెట్టుకొనెను.

ఉలిని ఇనుప పట్టులో బిగించుట అదివరకే కొందరు ఎరిగినదే. మాడ్స్లే ఆ పట్టును, మరలు తిరిగిన పొడవైన కడ్డీని, పండ్లచక్రములను ఒకే యినుప యంత్రములో దృఢముగా చేర్చి, వానిని నిత్యము పనికివచ్చు సాధనముగా తీర్చెను. ఆయన పద్ధతిలో తిరుగు వస్తువునకును ఉలి నడకకును పండ్లచక్రములచే సంబంధము కల్పింపబడును. దీని రహస్యము సులభముగా తెలియదగినదే. ఉలిని నడుపు కడ్డీపై అంగుళమునకు ఎనిమిది మరలున్నవనుకొనుడు. వస్తువువైపు ముప్పది పండ్ల చక్రమును, ఆ కడ్డీవైపు అరువది పండ్ల చక్రమును తగిలించినచో, వస్తువు ఒక చుట్టు తిరుగునప్పటికి కడ్డీ అరచుట్టు మాత్రమే తిరుగును. ఉలి అంగుళములో పదునారవ వంతు నడచును. అనగా వస్తువుపై అంగుళమునకు పదునారు మరలు పడును. చక్రములను మార్చినచో మరల సంఖ్య మారును. పూర్వము నిపుణుడు రోజులకొలది ఆకురాయితో రాచి తీర్చిన మరను, ఇపుడు పండ్లచక్రముల లెక్క తెలిసినవాడెవడైనను కోయగలడు.

మాడ్స్లేకు సరళతలముపై కూడ ఎక్కువ పట్టుదల. రెండు ఇనుప పలకలను ఒకదానితో నొకటి రాచి సరిచేసినచో అవి చక్కగా అతుకును. కాని ఒకటి కొంచెము ఉబ్బుగాను, రెండవది అంతే గుంటగాను ఉన్నను అవి అట్లే అతుకును. అందుచే మూడవ పలక కావలయును. మూడు పలకలను రెండేసి చొప్పున మార్చి మార్చి సరిపోల్చి, పైకి లేచిన తావులను గీకివేయుచు పోయినచో, తప్పు ఎచ్చట దాగినను బయటపడును. మూడును ఒకదానితో నొకటి కలిసినప్పుడు మాత్రమే మూడును సమతలములగును. ఇద్దరు సాక్షులు కూడబలుకుకొనవచ్చును గాని మూడవవానితో పొసగుట కష్టము. ఈ పద్ధతిలో చేసిన పలకలను మాడ్స్లే పనివారి బల్లలపై నుంచెడివాడు.

ఆయన బల్లపై మరియొక సాధనము కూడ ఉండెను. అంగుళమునకు నూరు మరలున్న కడ్డీతో, అంగుళములో పదివేలవ వంతు వరకు తెలుపు కొలతసాధనమది. కార్ఖానాలో ఏ కొలతపై తగవు వచ్చినను దాని తీర్పే తుదితీర్పు. అందుచే దానికి లార్డ్ ఛాన్సలర్ అని హాస్యముగా పేరుపెట్టిరి. అంతకు పైన అప్పీలు లేదని భావము.

లాభమును, నష్టమును

ఈ ప్రగతికి మరియొక ముఖము కూడ కలదు. ఓడల తెరచాపలను లాగు త్రాళ్ళకు గిలకలు వేలకొలది కావలసి యుండెను. మార్క్ బ్రూనెల్ ఊహించిన యంత్రములను మాడ్స్లే నిర్మింపగా, 1808 నాటికి పోర్ట్స్‌మత్ నౌకాశ్రయమున అవి ఏటికి లక్షా ముప్పదివేల గిలకలు చేయసాగినవి. నూటపదిమంది చేయు పనిని పదిమందియే చేసిరి. ఆ పదిమందికి పూర్వపు నిపుణుల సాధన యేమియు అక్కరలేదు. నేర్పు యంత్రములో నిక్షిప్తమై యుండెను.

దేశమునకు లాభము వచ్చినది. కాని జీవితమంతయు గిలకలు చెక్కుట నేర్చిన పనివాని విలువ ఒక్కసారిగా తగ్గినది. పరిశ్రమల చరిత్ర వ్రాయువారు మొదటి మాట చెప్పి రెండవదానిని తరచుగ మరతురు. యంత్రము మనిషి చేతినుండి పనిని మాత్రమే గాక, పనియందలి గౌరవమును కూడ తీసికొనిపోవుచున్నదా అను ప్రశ్న ఆనాడే పుట్టినది. పంతొమ్మిదవ శతాబ్దమంతయు ఈ ప్రశ్న కార్ఖానాల గోడలలో ప్రతిధ్వనించుచునే యుండెను. దానికి ఒక చిన్న సమాధానము అనుకోనిచోట లభించినది. ఆ చోటు ఇల్లు.

పడకగదిలో పుట్టిన యంత్రము

ఎడింబరో నగరమున అలెగ్జాండరు నాస్మిత్ అను చిత్రకారుని యింట చిన్న కార్ఖానా యుండెను. అందు కాలితో త్రొక్కు తరిమెన కలదు. 1808లో జన్మించిన ఆయన కుమారుడు జేమ్స్ బాల్యమునుండియు దానిపై పనిచేసెను. పగలు చదువుకొని, రాత్రివేళ తన పడకగదిలోని పొయ్యిపై ఇత్తడి కరిగించి అచ్చులు పోసెడివాడు. క్రిందిగదిలో నిద్రించు తండ్రికి చప్పుడు వినబడకుండ నేలపై దళమైన తివాసి పరచెను. చిన్న ఆవిరియంత్రముల నమూనాలు చేసి అమ్మి, ఆ సొమ్ముతో విశ్వవిద్యాలయ ఉపన్యాసములకు రుసుము చెల్లించెను.

1829లో జేమ్స్ నాస్మిత్ తాను చేసిన యంత్రనమూనాను, పటములను వెంటగొని లండను వెళ్ళి మాడ్స్లేను దర్శించెను. మాడ్స్లే సిఫారసుకంటె నమూనాను ఎక్కువగా నమ్మెను. దానిని చూచి ఆ యువకుని తన సహాయకునిగా చేర్చుకొనెను. జీతము వారమునకు పది షిల్లింగులు. ఆ యువకుడే తరువాత ఆవిరిసుత్తిని కల్పించి ప్రసిద్ధుడయ్యెను. నలుబదియెనిమిదవ యేట వ్యాపారమును విడిచి, స్వయముగా నిర్మించిన దూరదర్శినులతో చంద్రుని పరిశీలించి 1874లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఇంటి తరిమెనతో మొదలైన విద్య ఆకాశము వరకు పోయినది.

మాడ్స్లే శిష్యులలో మరియొకడు జోసెఫ్ విట్‌వర్త్. ఆనాడు ప్రతి కార్ఖానాకు తనదైన మర యుండెను. ఒకచోటి మరమేకు మరొకచోటి నట్టునకు పట్టదు. మేకు పోయినచో యంత్రము మూలబడవలసినదే. విట్‌వర్త్ అనేక కార్ఖానాలనుండి మరమేకులు సేకరించి, వాని సగటును లెక్కించి, 1841లో అందరికి ఒకే మర యుండవలెనని ప్రతిపాదించెను. ఆ మర కోణము 55 డిగ్రీలు. బ్రిటిషు ప్రభుత్వము క్రింది దేశములన్నింటను ఆ మర వ్యాపించినది. భాషకు లిపి ఎట్టిదో యంత్రములకు మర అట్టిదయ్యెను. ఒకచోట వ్రాసినది మరొకచోట చదువవచ్చునట్లు, ఒకచోట కోసినది మరొకచోట బిగించుటకు వీలయ్యెను.

జేబులో కొలత

మంచి తరిమెన యున్నను కొలత లేనిదే పని సాగదు. ఫ్రాన్సు దేశస్థుడగు పియరె వెర్నియె 1631లో చిన్న గీతల పట్టీనొకదానిని పెద్ద గీతల పట్టీ ప్రక్కన జరిపి సూక్ష్మముగా చదువు ఉపాయమును ప్రకటించెను. 1848లో ఫ్రాన్సుననే పామర్ అను నతడు చేతిలో ఇముడు మైక్రోమీటరునకు పేటెంటు పొందెను. 1867లో పారిసు ప్రదర్శనమున దానిని చూచిన అమెరికా నిర్మాతలు బ్రౌన్, షార్ప్ తమ దేశమున అట్టివానిని తయారుచేయ నారంభించిరి.

మైక్రోమీటరు పనిచేయు విధము మాడ్స్లే బల్లపైని సాధనపు విధమే. దాని మర అంగుళమునకు నలుబది. ఒక చుట్టు త్రిప్పినచో దవడ అంగుళములో నలుబదవ వంతు జరుగును. త్రిప్పు గొట్టముపై ఇరువదియైదు గీతలుండును. ఒక్కొక్క గీత అంగుళములో వేయవ వంతు. మనిషి తలవెండ్రుక మందము సుమారు అట్టి వంతులు మూడు. మిల్లీమీటరు పద్ధతిలోనైతే మర అరమిల్లీమీటరు, గీతలు ఏబది, ఒక్కొక్క గీత మిల్లీమీటరులో నూరవ వంతు. లార్డ్ ఛాన్సలర్ బరువైన బల్లపై నుండగా, దాని మనుమడు పనివాని జేబులోనికి వచ్చినాడు.

కుట్టుమిషనుపై సానపట్టిన అంగుళము

ఇంటి కార్ఖానా చరిత్రలో మిక్కిలి ఆశ్చర్యకరమైన ఘట్టము స్వీడను దేశమున జరిగినది. కార్ల్ ఎడ్వర్డ్ యోహాన్సన్ 1864లో జన్మించి, ఎస్కిల్‌స్టూనా పట్టణపు తుపాకుల కార్ఖానాలో తనిఖీ పనివాడుగా నుండెను. తుపాకిలోని ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క కొలతదిమ్మె కావలసి యుండుటచే అవి లెక్కకు మిక్కిలి యగుచుండెను. జర్మనీలోని మౌజర్ కార్ఖానాలో ఇట్టి దిమ్మెల రాసులను చూచిన ఆయనకు, కొద్ది దిమ్మెలనే తగినట్లు పేర్చి ఏ కొలతనైనను పొందరాదా అను తలంపు కలిగినది. 1896లో ఆయన దాని లెక్కను స్థిరపరచెను.

ఆ కూర్పులో నూటరెండు దిమ్మెలు. 1.01 మిల్లీమీటరు మొదలు 1.49 వరకు నలుబదితొమ్మిది. అరమిల్లీమీటరు మొదలు 24.5 వరకు అరయేసి చొప్పున నలుబదితొమ్మిది. 25, 50, 75, 100 అని నాలుగు. వీనితో ఇరువదివేల వేర్వేరు కొలతలు పేర్చవచ్చును. 76.38 మిల్లీమీటర్లు కావలెనన్నచో 1.38, 25, 50 దిమ్మెలు మూడు చాలును. దిమ్మెల ముఖములు ఎంత సమముగా నుండుననగా, ఒకదానిపై నొకటి నొక్కి జరిపినచో జిగురులేకయే అంటుకొనును.

ఇంతటి దిమ్మెలను సానపట్టుటకు ఆయనకు ప్రయోగశాల లేదు. పగలు ఉద్యోగము ముగించుకొని వచ్చి, ఇంటిలో తన భార్య కుట్టుమిషనును సానయంత్రముగా మార్చి, దానిపై ఆ ముఖములను తీర్చెను. 1901లో పేటెంటు లభించినది. 1923లో అమెరికాలోని ఫోర్డు సంస్థ ఆయనను ఆహ్వానించెను. అంగుళమనగా ఎంత యను ప్రశ్నకు బ్రిటనులో ఒక సమాధానము, అమెరికాలో మరియొక సమాధానము ఉండగా, యోహాన్సన్ తన అంగుళపు దిమ్మెలను 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి వద్ద సరిగా 25.4 మిల్లీమీటర్లుగా చేసెను. కార్ఖానాలు ఆ దిమ్మెలనే ప్రమాణముగా కొనిరి. బ్రిటను 1930లోను, అమెరికా 1933లోను పరిశ్రమలకై ఆ కొలతనే అంగీకరించినవి. 1959లో ఆంగ్లము మాటలాడు దేశములు ఒడంబడిక చేసికొని దానినే స్థిరపరచినవి. ఇంటి కుట్టుమిషనుపై సానపట్టినవాని దిమ్మెలకు రాజ్యములు తలయొగ్గినవి.

సామాన్యుని బల్లపైకి

1898 జనవరిలో లండనునందు పెర్సివల్ మార్షల్ అను యువకుడు ఇంటివద్ద యంత్రపు పని చేసికొనువారికై మోడల్ ఇంజనీర్ అను పత్రికను స్థాపించెను. ఆ యేడే అట్టివారి సంఘమొకటి అచ్చట ఏర్పడినది. పూర్వము కంచుపని గాని, కమ్మరము గాని కులవృత్తిగానో, ఏండ్ల తరబడి గురుశుశ్రూషచేతనో మాత్రమే అబ్బెడిది. గురువు చెప్పదలచినదే శిష్యునకు తెలియును. ఈ పత్రికవలన గుమాస్తాయు, ఉపాధ్యాయుడును, రైలుకూలియు ఒకే పాఠమును చదువుకొన వీలయ్యెను. ఒక పాఠకుడు కనుగొన్న కిటుకు మరుసటి సంచికలో అందరి సొత్తయ్యెడిది. కొద్దిపాటి పనిముట్లతో బొగ్గుతో నడచు చిన్న రైలింజను నెట్లు చేయవలెనో బొమ్మలతో, కొలతలతో వారమువారము బోధించినవారుండిరి.

కోరిక పుట్టగా పనిముట్టు వచ్చినది. ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున ఇంగ్లండులోని గిల్‌ఫర్డ్‌లో డ్రమ్మండు సోదరులు కాలితో త్రొక్కు చిన్న లేతులను చవుకగా చేసి అమ్మిరి. అమెరికాలోని సౌత్ బెండ్ పట్టణమున ఓబ్రియన్ కవలసోదరులు 1906లో లేతుల సంస్థను స్థాపించి, లేతు నడుపు విధమును బోధించు చిన్న పుస్తకమును కూడ ప్రచురించిరి. నాటింగుహాము సమీపమున 1934లో మొదలైన మైఫర్డు సంస్థ 1946లో ఎంఎల్ 7 అను చిన్న లేతును విడుదలచేసెను. దాని కేంద్రపు ఎత్తు మూడున్నర అంగుళములు. అనగా ఏడు అంగుళముల వెడల్పుగల వస్తువును త్రిప్పగలదు. ఇంగ్లండులో ఇంటి కార్ఖానా యన్నచో చిరకాలము ఆ లేతే గుర్తుకు వచ్చెడిది. ఆ పాత కార్ఖానా 2011లో మూతపడినను, అందు పుట్టిన యంత్రములు పెక్కు ఇండ్లలో ఇంకను తిరుగుచున్నవి.

కొనలేనివారికి కూడ త్రోవ యున్నది. అమెరికాలో డేవిడ్ జింజరీ 1980వ దశకమున వెలువరించిన పుస్తకములలో, కర్రబొగ్గు కొలిమిలో పాత అల్యూమినియము తుక్కును కరగించి, దానితోనే లేతు చేసికొను విధమును చూపెను. అసంపూర్ణముగా తయారైన లేతుతోనే మిగిలిన భాగములను చేసికొనవచ్చును. తన్ను తానే తీర్చుకొనగల యంత్రమని తరిమెనకున్న ఖ్యాతి సార్థకమైనదే.

ఇంటి బల్లపై పని తీరు

చిన్న లేతు పెద్దలేతువలె బలముగలది కాదు. ఒకేసారి లోతుగా కోయబోయినచో అదరును. పలుచని కోతలు పెక్కు తీయుటయే దాని ధర్మము. ఉలి మొన సరిగా కేంద్రపు ఎత్తున నుండవలెను. వస్తువును పట్టు చక్కులు రెండు రకములు. మూడు దవడల చక్కులో దవడలన్నియు కలిసి కదలును. పని త్వరగా జరుగును గాని కేంద్రము కొంచెము తప్పవచ్చును. నాలుగు దవడల చక్కులో ఒక్కొక్క దవడ విడివిడిగా కదలును; ముల్లుగడియారము వంటి డయలు గేజిని ఆనించి, వస్తువును మెల్లగా త్రిప్పుచు, ముల్లు కదలకుండువరకు సరిచేయవలెను. ఇందు తొందర పనికిరాదు. మరకును నట్టునకును మధ్య కొంచెము వదులుండును గావున, పిడిని ఎల్లప్పుడు ఒకే దిశను త్రిప్పి కొలత తీసికొనవలెను.

వేడిమిని కూడ లెక్కింపవలెను. నూరు మిల్లీమీటర్ల ఉక్కుకడ్డీ పదిడిగ్రీలు వేడెక్కినచో మిల్లీమీటరులో నూరవ వంతునకు మించి పెరుగును. అల్యూమినియము అంతకు రెట్టింపు పెరుగును. కోతవలన వేడెక్కిన వస్తువును వెంటనే కొలిచినవాడు మోసపోవును. తెలుగునాట వైశాఖమాసపు మధ్యాహ్నమున 40 డిగ్రీల యెండలో తీసిన కొలత యోహాన్సన్ 20 డిగ్రీల కొలత కాదు. కొలతసాధనమును, వస్తువును ఒకేచోట నుంచి ఒకే వేడిమికి వచ్చువరకు ఆగుటయే పెద్దలు చెప్పు ఉపాయము.

జాగ్రత్తలు కూడ పనిలో భాగములే. చక్కు తాళమును చక్కులోనే మరచి లేతును నడిపినచో అది తుపాకిగుండువలె ఎగురును. వ్రేలాడు కండువా, వదులు చొక్కాచేతులు తిరుగు వస్తువు దరికి చేరరాదు. కంటికి అద్దములు ఉండవలెను. చిన్న లేతు చిన్నదే గాని దాని బలము మనిషి వ్రేలికంటె మిక్కిలి పెద్దది.

తెలుగువారి పాలు

ఈ చరిత్రలో తెలుగువారికిని స్థానమున్నది. కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబమున 1893లో పుట్టిన జి. డి. నాయుడు, ఒక ఆంగ్లేయ అధికారి మోటారుసైకిలును చూచి ముచ్చటపడి, హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొని, భాగములన్నియు విప్పి మరల బిగించి యంత్రవిద్యను నేర్చెను. 1920లో పొల్లాచి, పళని ఊళ్ళ మధ్య మొదటి బస్సును నడిపెను. 1937లో ఆయనయు బాలసుందరం నాయుడును కలిసి విద్యుత్తు మోటారును తయారుచేయించిరి. తెలుగునాటనే 1943లో సికిందరాబాదున ప్రాగా టూల్సు సంస్థ యంత్రపనిముట్ల తయారీకై వెలసినది. 1968లో హైదరాబాదున పనిముట్ల రూపకల్పనను బోధించు కేంద్ర సంస్థ స్థాపింపబడి పెక్కు యువకులకు విద్య నొసగినది. నేడు పట్టణములందే గాక రహదారి ప్రక్క ఊళ్ళలో సైతము లేతుషాపులున్నవి. పంపుసెట్టు ఇరుసు అరిగినను, ట్రాక్టరు పిన్ను విరిగినను రైతు మొదట వెదకునది వానినే.

ఈ కథలోనివారిలో పెక్కుమంది పెద్ద చదువులు చదివినవారు కారు. మాడ్స్లే తూటాలకు మందు నింపిన పిల్లవాడు. యోహాన్సన్ తనిఖీ పనివాడు. నాయుడు హోటలు పనివాడు. వారిని పైకి తెచ్చినవి రెండు: చేతికందిన పనిముట్టు, దాచక చెప్పిన విద్య. పోర్ట్స్‌మత్ యంత్రము పనివానినుండి నేర్పును తీసికొని తనలో దాచుకొన్నది. ఇంటి లేతు అట్లు చేయదు. దానియెదుట నిలిచినవాడు లెక్కవేయవలెను, కొలువవలెను, తప్పినచో మరల చేయవలెను. అచ్చట యంత్రమునకు కచ్చితత్వమున్నది, మనిషికి వివేకమున్నది. రెండును కలిసినప్పుడే పని పండును.

విద్య గురువు గుప్పిటిలో నున్నంతకాలము కొద్దిమందిదే. అచ్చుకెక్కి అందరి చేతికి వచ్చిననాడు అది లోకమునది. ఒక మరను విట్‌వర్త్, ఒక అంగుళమును యోహాన్సన్, ఒక పత్రికను మార్షల్ లోకమునకు ఇచ్చినట్లే, గ్రామ గ్రంథాలయము తన యలమరలోని ప్రతి పుస్తకమును ఊరికి ఇచ్చుచున్నది. లేతు నడుపుటను బోధించు చిన్న పుస్తకమొకటి పురాణేతిహాసముల ప్రక్కన ఆ యలమరలో నున్నచో, సైకిలు బాగుచేయు ఏ కుర్రవాడో ఒకనాటి సాయంకాలము దానిని ఇంటికి తీసికొనిపోవును. అటుపిమ్మట జరుగు కథకు మొదటి పుట అదియే.